అంతర్జీవద్రవ్య జాలకంపై ఒత్తిడి – దీర్ఘకాలిక శోథ

కణాంగాల పాఠంలో మీరు అంతర్జీవద్రవ్య జాలకం బొమ్మను చూశారు. కేంద్రకాన్ని ఆనుకొని పొరలు పొరలుగా కణమంతా అల్లుకుని ఉంటుందనీ, రైబోసోములు అంటుకొని ఉన్న భాగం గరుకు జాలకమనీ, లేని భాగం నునుపు జాలకమనీ చదివారు. వ్యాధినిరోధక వ్యవస్థ పాఠంలో శోథ లక్షణాలను చదివారు. పుస్తకంలో ఈ రెండు పాఠాల మధ్య చాలా దూరం ఉంది. వాటికి సంబంధం ఉంటుందన్న ఆలోచన పరిశోధకులకు కూడా చాలాకాలం రాలేదు. ప్రోటీన్లు ఎలా తయారవుతాయో చూసేవారు ఒక పక్క, శోథను చదివేవారు మరో పక్క పనిచేశారు. 2000 తరవాతే ఈ రెండు దారులూ కలిశాయి.

ఈ భాగంలో మనం జవాబు వెతకబోయే ప్రశ్న ఇది. ఒక ప్రోటీన్ గొలుసు సరిగా మడతపడకపోతే, బయటి నుంచి సూక్ష్మజీవి ఏదీ రాకపోయినా, కణజాలంలో శోథ ఎందుకు మొదలవుతుంది? మొదలైన శోథ ఎందుకు చల్లారదు? టైప్-2 మధుమేహం ఉన్నవారు మన ఇళ్ళలోనే ఉన్నారు కాబట్టి ఇది కేవలం పరీక్ష కోసం చదివే ప్రశ్న కాదు.

ముందుగా రెండు మాటలను స్పష్టం చేసుకుందాం. ఇన్‌ఫ్లమేషన్ అనే దాన్ని వాడుకలో వాపు, మంట అంటాం. ఈ పాఠంలో శోథ అనే మాట వాడుతున్నాం, ఎందుకంటే మనం చెప్పుకోబోయే శోథలో చాలాసార్లు వాపూ కనిపించదు, మంటా తెలియదు. ఇక ఒత్తిడి అంటే ఇక్కడ మనసుకు కలిగే ఒత్తిడి కాదు. విద్యార్థులు జవాబు పత్రాల్లో తరచుగా ఈ రెండింటినీ కలిపేస్తారు. కణాంగం చేయగలిగిన పనికంటే దాని మీద పడిన పని ఎక్కువైన స్థితినే ఇక్కడ ఒత్తిడి అంటున్నాం.

మడత ఎందుకు అంత ముఖ్యం?

రైబోసోము నుంచి బయటికి వచ్చే ప్రోటీన్ అమైనో ఆమ్లాల గొలుసు మాత్రమే. ఆ గొలుసు నిర్దిష్టమైన త్రిమితీయ ఆకారంలోకి మడతపడినప్పుడే ఎంజైముగానో, హార్మోనుగానో, ప్రతిరక్షకంగానో పనిచేస్తుంది. పూతరేకును చుట్టడానికి ఒక చెయ్యి ఉంటుంది. ప్రోటీన్ గొలుసును మడవడానికి అలాంటి బయటి చెయ్యి లేదు. ఏ ఆకారంలోకి మడతపడాలో చెప్పే సమాచారం ఆ గొలుసులోని అమైనో ఆమ్లాల వరసలోనే ఉంటుంది. అమెరికా శాస్త్రవేత్త క్రిస్టియన్ అన్‌ఫిన్‌సన్ రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైముతో దీన్ని చూపించాడు. 124 అమైనో ఆమ్లాలున్న ఆ ఎంజైము మడతలన్నీ రసాయనాలతో విప్పేసి, తరవాత ఆ రసాయనాలను తొలగిస్తే, అది తనంతట తానే మళ్ళీ మడతపడి పని మొదలుపెట్టింది. దానిలోని 8 సిస్టీన్లు జతలు జతలుగా కలవడానికి 105 మార్గాలున్నాయి. వాటిలో సరైనది ఒక్కటే, ఆ ఎంజైము ఆ ఒక్కదాన్నే ఎంచుకుంది. ఈ కృషికి అన్‌ఫిన్‌సన్ 1972లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నాడు.

అయితే పరీక్షనాళిక వేరు, కణం వేరు. పరీక్షనాళికలో ఒకే ప్రోటీన్, విశాలంగా, పలచగా ఉంటుంది. కణంలో వేలకొద్దీ ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. సగం విప్పుకొని ఉన్న రెండు గొలుసులు ఒకదానికొకటి తగిలితే, లోపల దాగి ఉండవలసిన నీటిని వికర్షించే భాగాలు అంటుకుపోయి ముద్ద కడతాయి. దీన్ని అడ్డుకోవడానికి కణంలో షాపెరోన్లు అనే సహాయక ప్రోటీన్లు ఉంటాయి. పెళ్ళిలో తోడుపెళ్ళికూతురు వధువు పక్కనే ఉండి, తంతు అయ్యాక పక్కకు తప్పుకున్నట్లు, ఇవి మడతపడుతున్న గొలుసును అంటిపెట్టుకొని ఉండి, పని పూర్తయ్యాక వదిలేస్తాయి. ప్రోటీన్ తుది ఆకారంలో షాపెరోన్ భాగం కాదన్న సంగతి గుర్తుంచుకోండి. జాలకంలోని ప్రధానమైన షాపెరోన్ పేరు బిప్. అది గొలుసును పట్టుకోవడానికీ వదలడానికీ ఏటీపీని ఖర్చు చేస్తుంది. కండరాలలో ఏటీపీని మొదట గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని మీకు తెలిసే ఉంటుంది.

కణం తయారుచేసే ప్రోటీన్లలో దాదాపు మూడోవంతు ఈ జాలకం గుండానే వెళ్తాయి. కణం బయటికి స్రవించేవి, ప్లాస్మా పొరలో అమరేవి, లైసోసోములకు చేరేవి ఈ కోవలోకి వస్తాయి. జాలకం లోపలి వాతావరణం కణద్రవ్యానికి భిన్నంగా ఉంటుంది. అక్కడ కాల్షియం గాఢత చాలా ఎక్కువ, ఆక్సీకరణ స్థితి కూడా ఎక్కువ. అందువల్లనే సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధాలు అక్కడ ఏర్పడగలుగుతాయి. ఈ సౌకర్యానికి కణం కొంత మూల్యం చెల్లిస్తుంది. ఒక్కో డైసల్ఫైడ్ బంధం ఏర్పడినప్పుడు, దానికి తోడ్పడే ఎంజైము ద్వారా ఒక్కో హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు వెలువడుతుంది. శోథ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది.

సరిగా మడతపడని గొలుసును జాలకం గాల్జీ సంక్లిష్టానికి పంపదు. మరోసారి ప్రయత్నిస్తుంది. అప్పటికీ కుదరకపోతే దాన్ని కణద్రవ్యంలోకి వెనక్కి నెట్టి, యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించి, ప్రోటియసోములో ముక్కలు చేయిస్తుంది.

బీటా కణం అనుభవం

జాలకం మీద భారం ఎంతటిదో తెలియాలంటే క్లోమంలోని బీటా కణాన్ని చూడాలి. చురుకుగా పనిచేస్తున్న ఒక బీటా కణం నిమిషానికి సుమారు 10 లక్షల ప్రోఇన్సులిన్ అణువులను తయారుచేస్తుందని అంచనా. ప్రతి అణువులో 6 సిస్టీన్లు 3 డైసల్ఫైడ్ బంధాలుగా కలవాలి. అవి జతపడగల మార్గాలు 15, పనికొచ్చేది ఒకటే. భోజనం చేసిన ప్రతిసారీ ఈ పని ఉధృతమవుతుంది. శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోతే ఇంకా ఎక్కువ ఇన్సులిన్ కావాలి కాబట్టి భారం రోజంతా తగ్గదు.

ఈ మడత తప్పితే ఏమవుతుందో జపాన్‌లోని అకిటాలో గుర్తించిన చిట్టెలుకలు చూపించాయి. వాటి ఇన్సులిన్ జన్యువులో ఒక ఉత్పరివర్తనం వల్ల 96వ స్థానంలో సిస్టీన్‌కు బదులు టైరోసిన్ వచ్చింది. దాంతో ఒక డైసల్ఫైడ్ బంధం ఏర్పడదు, ప్రోఇన్సులిన్ మడత చెడిపోతుంది. ఇక్కడ ఒక లెక్క వేయండి. చిట్టెలుకకు రెండు ఇన్సులిన్ జన్యువులుంటాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి కలిపి నాలుగు ప్రతులు. అకిటా చిట్టెలుకలో చెడినది ఒక్కటే. ఇన్సులిన్ కొరతే కారణమైతే, మిగిలిన మూడు మంచి ప్రతులు గట్టెక్కించాలి. అయినా ఆ చిట్టెలుకలకు తీవ్రమైన మధుమేహం వస్తుంది. అంటే జబ్బుకు కారణం మంచి ఇన్సులిన్ తగ్గడం ఒక్కటే కాదు, చెడు మడత పోగుపడటం కూడా. జాలకం ఉబ్బిపోతుంది, మంచి ప్రోఇన్సులిన్ కూడా చిక్కుకుపోతుంది, చివరికి బీటా కణాలు చనిపోతాయి. పుట్టిన కొద్ది నెలల్లోనే మధుమేహం వచ్చిన కొందరు పిల్లల్లో ఇలాంటి ఇన్సులిన్ జన్యు ఉత్పరివర్తనాలే ఉన్నాయని 2007లో తెలిసింది.

జన్యుదోషం ఒక్కటే కారణం కానక్కరలేదు. జాలకంలో కాల్షియం తగ్గినా, చక్కెర అణువులు గొలుసుకు తగిలించే పని ఆగినా, వైరస్ సోకినా, జాలకం పొరలోని కొవ్వుల పాళ్ళు మారినా ఒత్తిడి కలుగుతుంది. ప్రయోగశాలలో ఒత్తిడి పుట్టించడానికి కాల్షియం పంపును అడ్డుకునే థాప్సిగార్గిన్‌నో, చక్కెర తగిలించడాన్ని అడ్డుకునే ట్యూనికామైసిన్‌నో వాడతారు.

కణం ఎలా స్పందిస్తుంది?

కోతల కాలంలో మార్కెట్ యార్డుకు ధాన్యం ఒక్కసారిగా వచ్చిపడితే ఏం చేస్తారు? కొన్నాళ్ళు గేటు దగ్గరే బండ్లను ఆపుతారు, ఎక్కువమంది హమాలీలను పిలిపిస్తారు, తడిసి చెడిన బస్తాలను తీసేయిస్తారు. జాలకం కూడా సరిగ్గా ఈ మూడే చేస్తుంది. కొత్త ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుంది, షాపెరోన్లను పెంచుతుంది, చెడిన గొలుసులను తొలగించే ఏర్పాటును పెంచుతుంది. దీన్ని మడతపడని ప్రోటీన్ల ప్రతిస్పందన అంటారు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఇబ్బంది జాలకం లోపల. షాపెరోన్ల జన్యువులు కేంద్రకంలో. మధ్యలో పొర అడ్డం. లోపలి కబురు కేంద్రకానికి ఎలా చేరుతుంది? 1988లో మేరీ-జేన్ గెథింగ్, జో శాంబ్రూక్ బృందం జాలకంలో మడతపడని ప్రోటీన్ పోగుపడితే బిప్ వంటి ప్రోటీన్ల తయారీ పెరుగుతుందని చూపించింది. కబురు మోసేది ఎవరో 1993లో తెలిసింది. అమెరికాలో పీటర్ వాల్టర్ బృందం, అప్పట్లో అక్కడే గెథింగ్, శాంబ్రూక్‌లతో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్త కజుతోషి మోరీ, ఈస్ట్ కణాల్లో ఐఆర్ఈ1 అనే ప్రోటీన్‌ను ఎవరికి వారుగా గుర్తించారు. అది జాలకం పొరలో అడ్డంగా అమరి ఉంటుంది. ఒక కొస లోపలికి, మరో కొస కణద్రవ్యంలోకి. లోపల మడతపడని ప్రోటీన్లు పెరిగితే ఐఆర్ఈ1 అణువులు గుంపుకూడి, బయటి కొస పని మొదలుపెడుతుంది. వాల్టర్, మోరీలకు 2014లో లాస్కర్ పురస్కారం లభించింది.

బయటి కొస చేసే పని కొంచెం విచిత్రమైనది. మన కణాల్లో అది ఎక్స్‌బీపీ1 అనే ప్రోటీన్ తాలూకు వార్తాహర ఆర్ఎన్ఏను పట్టుకొని, దానిలోంచి 26 న్యూక్లియోటైడ్లను కత్తిరించి తీసేస్తుంది. మిగిలిన రెండు కొసలూ మళ్ళీ అతుకుతాయి. 26 అనేది మూడుతో భాగించబడదు కాబట్టి, అక్కడినుంచి చదివే చట్రం మారి, కొత్త ప్రోటీన్ వస్తుంది. అది కేంద్రకంలోకి వెళ్ళి షాపెరోన్ల జన్యువులను మేల్కొలుపుతుంది. వార్తాహర ఆర్ఎన్ఏ స్ప్లైసింగ్ కేంద్రకంలో జరుగుతుందని మీరు చదివారు. ఇది కణద్రవ్యంలో జరిగే అరుదైన స్ప్లైసింగ్.

ఐఆర్ఈ1తో పాటు మన కణాల్లో మరో రెండు కాపలాదారులున్నాయి. పెర్క్ అనేది అనువాదాన్ని ప్రారంభించే ఈఐఎఫ్2 అనే కారకానికి ఫాస్ఫేటు తగిలించి, ప్రోటీన్ల తయారీని మొత్తంగా తగ్గిస్తుంది. ఇది మన యార్డు గేటు. అయితే తయారీ తగ్గిన ఆ సమయంలోనే ఏటీఎఫ్4 అనే అనులేఖన కారకం మాత్రం ఎక్కువగా తయారవుతుంది. ఒత్తిడి ఎంతకీ తగ్గకపోతే ఇదే చాప్ అనే మరో కారకాన్ని పెంచి, కణాన్ని మరణం వైపు నడిపిస్తుంది. అకిటా చిట్టెలుకల్లో చాప్ జన్యువును తొలగిస్తే మధుమేహం ఆలస్యంగా వచ్చింది. మూడోది ఏటీఎఫ్6. అది జాలకం నుంచి గాల్జీకి వెళ్ళి, అక్కడ రెండుచోట్ల కత్తిరింపు పొంది, తెగిన ముక్క కేంద్రకానికి చేరుతుంది.

పెర్క్ ఎంత అవసరమో ఉల్కాట్–రాలిసన్ సిండ్రోమ్ చెబుతుంది. ఈ అరుదైన వ్యాధిలో పెర్క్ జన్యువు రెండు ప్రతులూ చెడి ఉంటాయని 2000లో కనుగొన్నారు. ఆ పిల్లలకు పసితనంలోనే మధుమేహం వస్తుంది, ఎముకల ఎదుగుదల దెబ్బతింటుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: అకిటా చిట్టెలుకకు మధుమేహం రావడానికి ఇన్సులిన్ కొరత మాత్రమే కారణం కాదని ఎలా చెప్పగలం? పై భాగాన్ని చూడకుండా నాలుగు వాక్యాలు రాయండి.

శోథ: చల్లారేది, చల్లారనిది

ఎరుపు, వాపు, వేడి, నొప్పి అనే నాలుగు లక్షణాలను క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు కనిపించేది ఇదే. రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, తెల్ల రక్తకణాలు చేరతాయి, సూక్ష్మజీవులు చస్తాయి, గాయం మానుతుంది, శోథ చల్లారుతుంది. దీర్ఘకాలిక శోథలో చివరి మెట్టు రాదు. స్థూలభక్షకాలు కణజాలంలో తిష్ఠవేసి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, ఇంటర్‌ల్యూకిన్లు వంటి సైటోకైన్లను కొద్దికొద్దిగా నెలలు, సంవత్సరాల తరబడి విడుదల చేస్తూనే ఉంటాయి. నొప్పి ఉండకపోవచ్చు. రక్తపరీక్షలో సీ-రియాక్టివ్ ప్రోటీన్ కొంచెం ఎక్కువగా కనిపించడం తప్ప మరే జాడా లేకపోవచ్చు.

ఈ సైటోకైన్ల జన్యువులను మేల్కొలిపేవాటిలో ముఖ్యమైనది ఎన్ఎఫ్-కప్పాబీ. మామూలుగా దాన్ని ఐ-కప్పాబీ అనే మరో ప్రోటీన్ కణద్రవ్యంలోనే పట్టి ఉంచుతుంది. జేఎన్‌కే అనే కైనేజు మరో ముఖ్యమైన మీట. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకుంటే తరవాతి విషయం తేలిక.

రెండు దారులు కలిసే చోటు

2000లో డేవిడ్ రాన్ బృందం ఐఆర్ఈ1 బయటి కొసకు ట్రాఫ్2 అనే ప్రోటీన్ అతుక్కుంటుందనీ, దాని ద్వారా జేఎన్‌కే చైతన్యవంతమవుతుందనీ చూపించింది. ట్రాఫ్2 అప్పటికే శోథ పరిశోధకులకు బాగా తెలిసిన పేరు. ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ కణం బయటినుంచి తెచ్చే కబురును లోపలికి అందించేది అదే. అంటే బయటినుంచి వచ్చే శోథ సంకేతం, లోపలినుంచి వచ్చే మడత సంకేతం ఒకే తీగమీద నడుస్తున్నాయన్నమాట. నా దృష్టిలో ఈ మొత్తం పాఠానికి కీలకం ఈ ఒక్క విషయమే.

పెర్క్ దారి మరింత ఆసక్తికరం. అది ఏ కొత్త సంకేతమూ పంపదు, తయారీని తగ్గిస్తుంది అంతే. కాని ఐ-కప్పాబీ ఆయుష్షు తక్కువ, ఎన్ఎఫ్-కప్పాబీ ఆయుష్షు ఎక్కువ. కొత్త సరకు రావడం తగ్గితే ముందు అయిపోయేది ఐ-కప్పాబీ. కాపలా పోగానే ఎన్ఎఫ్-కప్పాబీ విడుదలై కేంద్రకంలోకి వెళ్తుంది. ఒత్తిడి తగ్గించడానికి వేసిన గేటే శోథకు తలుపు తెరిచింది. మూడో దారి కూడా ఉంది. పెర్క్, ఐఆర్ఈ1 రెండూ టీఎక్స్‌నిప్ అనే ప్రోటీన్‌ను పెంచుతాయనీ, అది ఎన్ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్‌ను కదిలించి బీటా కణంలో ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వెలువడేలా చేస్తుందనీ 2012లో వెలువడిన పరిశోధనలు చూపించాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా మళ్ళీ బీటా కణాలనే దెబ్బతీస్తుంది.

ఇలాంటి అమరిక కణంలో ఎందుకు ఉంది? దీనికి ఒక నమ్మదగిన వివరణ వైరస్‌లలో దొరుకుతుంది. డెంగీ, ఇన్‌ఫ్లుయెంజా, కరోనా వైరస్‌ల వంటి తొడుగున్న వైరస్‌లు తమ తొడుగు ప్రోటీన్లను మన జాలకంలోనే తయారుచేయించుకుంటాయి. కణం వైపునుంచి చూస్తే, జాలకం హఠాత్తుగా నిండిపోవడం అంటే లోపల దొంగ దూరి ఉండవచ్చు. అటువంటప్పుడు ఇరుగుపొరుగును లేపడమే మేలు. స్థూలభక్షకాలైతే ఈ ఏర్పాటును మామూలు పనికే వాడుకుంటాయి. బాక్టీరియా అణువులు తగిలినప్పుడు, మడత చెడకపోయినా, ఐఆర్ఈ1, ఎక్స్‌బీపీ1లను వాడి సైటోకైన్ల తయారీ పెంచుకుంటాయని 2010లో తేలింది. చిక్కల్లా ఏమిటంటే, జాలకం నిండింది వైరస్ ప్రోటీన్‌తోనా, సొంత ఇన్సులిన్‌తోనా అన్నది ఐఆర్ఈ1కు తెలియదు. వైరస్ కొన్ని రోజుల్లో పోతుంది. అధిక భారం పోదు.

పైగా ఇది ఒకవైపే నడిచే బండి కాదు. శోథ కూడా జాలకాన్ని దెబ్బతీస్తుంది. స్థూలభక్షకాలు వెదజల్లే నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సీకరణ పదార్థాలు జాలకం కాల్షియం నిల్వనూ, డైసల్ఫైడ్ బంధాలు కలిపే ఎంజైములనూ పాడుచేస్తాయి. జాలకం స్వయంగా విడుదల చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఇంతకుముందు చూశాం, అదీ దీనికి తోడవుతుంది. మడత మరింత చెడుతుంది, సంకేతం మరింత పెరుగుతుంది. శోథ ఎందుకు చల్లారదన్న ప్రశ్నకు జవాబు ఈ వలయంలో చాలావరకు ఉంది.

స్థూలకాయంలో కాలేయం, కొవ్వు కణజాలం

1993లో గొఖాన్ హోటామిస్లిగిల్, బ్రూస్ స్పీగల్‌మన్‌లు స్థూలకాయం ఉన్న చిట్టెలుకలు, ఎలుకల కొవ్వు కణజాలంలో ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఎక్కువగా ఉందని కనుగొన్నారు. కొవ్వు అంటే నిల్వ సరకు మాత్రమే అనుకునే రోజుల్లో అది ఆశ్చర్యం కలిగించిన ఫలితం. సూక్ష్మజీవి లేదు, గాయం లేదు, మరి శోథ ఎందుకు? పదకొండేళ్ళ తరవాత, 2004లో హోటామిస్లిగిల్ బృందమే ఒక జవాబు ఇచ్చింది. స్థూలకాయ చిట్టెలుకల కాలేయంలో, కొవ్వు కణజాలంలో జాలకం ఒత్తిడి గుర్తులన్నీ ఎక్కువగా ఉన్నాయి. ఐఆర్ఈ1 ద్వారా జేఎన్‌కే చైతన్యమై, ఇన్సులిన్ గ్రాహకం కింద ఉండే ఐఆర్ఎస్-1 అనే ప్రోటీన్‌లో ఒక సెరీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తోంది. ఆ ఫాస్ఫేటు తగిలితే ఇన్సులిన్ సంకేతం లోపలికి సరిగా అందదు. ఎక్స్‌బీపీ1 జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్న చిట్టెలుకలకు కొవ్వు ఎక్కువైన ఆహారం పెడితే, మిగతా వాటికంటే తీవ్రంగా ఇన్సులిన్ నిరోధం వచ్చింది. హమాలీలను పిలిచే శక్తి తగ్గితే యార్డు త్వరగా చేతులెత్తేసినట్లే.

ఇక్కడ బీటా కణాన్ని మళ్ళీ గుర్తుచేసుకోండి. కాలేయంలో ఇన్సులిన్ నిరోధం వస్తే, దాన్ని భర్తీ చేయవలసింది బీటా కణం. అప్పుడు ఒత్తిడి ఒక అవయవం నుంచి మరో అవయవానికి బదిలీ అవుతుంది. టైప్-2 మధుమేహం మొదలైనవారిలో చాలామందికి కాలం గడిచేకొద్దీ మందులు పెంచవలసి రావడానికి ఉన్న కారణాలలో బీటా కణాల అలసట, క్షయం ముఖ్యమైనవి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒత్తిడి గుర్తులు పెరిగాయంటే మడత చెడిందనే నిర్ధారణకు వచ్చేయకండి. సంతృప్త కొవ్వు ఆమ్లాలు జాలకం పొరలో చేరి పొర స్వభావాన్ని మార్చినా పెర్క్, ఐఆర్ఈ1 మేల్కొంటాయి. లోపలి కొసను తీసేసిన ఐఆర్ఈ1 కూడా ఇలా మేల్కొంటుందని ప్రయోగాల్లో తేలింది.

పేగులో ఏం జరుగుతుంది?

చిన్నపేగు ముడతల అడుగున పానెత్ కణాలుంటాయి. ఇవి బాక్టీరియాను చంపే డిఫెన్సిన్లు, లైసోజైము స్రవిస్తాయి. పెద్దపేగులో గోబ్లెట్ కణాలు జిగురును స్రవిస్తాయి. ఆ జిగురులోని ప్రధాన ప్రోటీన్ మ్యూసిన్-2లో 5,000కు పైగా అమైనో ఆమ్లాలుంటాయి. ఇన్సులిన్‌తో పోల్చుకుంటే దాని మడత ఎంత పెద్ద పనో ఊహించండి. 2008లో ఆర్థర్ కేసర్, రిచర్డ్ బ్లంబర్గ్ బృందం చిట్టెలుకల పేగు ఉపకళలో మాత్రమే ఎక్స్‌బీపీ1ను తొలగించింది. పానెత్ కణాలు నశించాయి, చిన్నపేగులో దానంతటదే శోథ మొదలైంది. అదే ఏడాది మరో బృందం మ్యూసిన్-2 మడత చెడే ఉత్పరివర్తనం ఉన్న చిట్టెలుకల్లో పెద్దపేగు శోథను వివరించింది. పేగులో నష్టం రెండువిధాల జరుగుతుంది. ఒత్తిడికి గురైన కణం శోథ సంకేతాలు పంపడం ఒకటి, బాక్టీరియాను దూరంగా ఉంచే గోడ పలచబడటం రెండోది. క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న మనుషుల్లో ఎక్స్‌బీపీ1 జన్యువులో అరుదైన తేడాలు కనిపించాయి. అయితే అవి ఉన్నవారు కొద్దిమందే. ఈ వ్యాధుల్లో ఎక్కువ భాగానికి అది సంజాయిషీ కాదు.

వెన్నెముక కీళ్ళను బిగదీసే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌కు హెచ్ఎల్ఏ-బి27తో సంబంధం ఉందని 1973 నుంచి తెలుసు. ఆ ప్రోటీన్ నెమ్మదిగా, తప్పులతో మడతపడుతుందని ఒక వాదం. దాన్ని ప్రవేశపెట్టిన ఎలుకల్లో శోథ, ఒత్తిడి గుర్తులు రెండూ కనిపించాయి. రోగుల కణాల్లో మాత్రం అంత స్పష్టంగా లేదు కాబట్టి, దీన్ని తేలిన విషయంగా పరీక్షలో రాయవద్దు.

చికిత్స సంగతి

మడతకు సాయపడే చిన్న రసాయనాలతో వలయాన్ని తెంచవచ్చా? 2006లో హోటామిస్లిగిల్ బృందం స్థూలకాయ చిట్టెలుకలకు ఫినైల్‌బ్యుటిరేట్‌నూ, టుడ్కా అనే పిత్తామ్లాన్నీ ఇచ్చింది. రక్తంలో గ్లూకోజు తగ్గింది, కాలేయంలో ఒత్తిడి గుర్తులూ తగ్గాయి. 2010లో స్థూలకాయం ఉన్న కొద్దిమంది మనుషులకు నాలుగు వారాలపాటు టుడ్కా ఇచ్చి చూశారు. కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు స్పందించడం సుమారు 30 శాతం మెరుగుపడింది. కాని కండరాల్లో ఒత్తిడి గుర్తులు మారలేదు. అంటే మందు పనిచేసింది గాని, మనం అనుకున్న దారిలోనే చేసిందని చెప్పడానికి వీల్లేదు. టుడ్కాను ఆహార పూరకంగా అమ్ముతున్నవారు మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేస్తారు. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారి కొవ్వు కణజాలంలో, కాలేయంలో ఒత్తిడి గుర్తులు తగ్గడం మాత్రం 2009లో నమోదైంది. అక్కడ మందు ఏదీ మడతను బాగుచేయలేదు, జాలకం మీది భారమే తగ్గింది.

మరి కాపలాదారులనే మందులతో అడ్డుకుంటే? ఐఆర్ఈ1 దారి లేకపోతే ప్రతిరక్షకాలు స్రవించే ప్లాస్మా కణాలే సరిగా తయారుకావు. అలాంటి కణాలకు ఎక్స్‌బీపీ1 అవసరమని 2001లోనే తెలిసింది. పెర్క్‌ను అడ్డుకునే మందులను చిట్టెలుకల్లో పరీక్షించినప్పుడు వాటి క్లోమం దెబ్బతింది. ఉల్కాట్–రాలిసన్ పిల్లల్లో పుట్టుకతో దెబ్బతినేది కూడా ఆ అవయవమే. అందువల్ల ఇప్పుడు పరిశోధకులు కాపలాదారును పూర్తిగా ఆపడం కాకుండా, ఐఆర్ఈ1 చేసే రెండు పనుల్లో ఎక్స్‌బీపీ1 కత్తిరింపును ఉంచి జేఎన్‌కే వైపు తీగను మాత్రం తెంచడం సాధ్యమా అన్న దిశలో వెతుకుతున్నారు.